కయాక్ లోపల అతికించిన ట్రాన్స్‌డ్యూసర్ లేస్తున్నది, తీసి మళ్ళ బిగించుడు ఎట్ల?

పానగల్లు_గాలం:
అన్నలకు నమస్తే. కయాక్ (తెడ్డుతో నడిపే సన్న పడవ) పది అడుగులది, రోటోమోల్డ్, అంటే అచ్చుల పోత పోసిన పాలిథిలీన్ ప్లాస్టిక్, సెకండ్ హ్యాండ్. ఫిష్ ఫైండర్ (శబ్దం పంపి లోతు, చేపలు చూపే మిషను) 5 అంగుళాల తెర. ట్రాన్స్‌డ్యూసర్‌ల (శబ్దం పంపి, తిరిగొచ్చేది పట్టే బిళ్ళ) 83/200 తోపాటు 455/800 కిలోహెర్ట్జ్ కూడ ఉన్నది. సీటు ఎనుక, లోపలి దిక్కు అడుగుకు అతికిచ్చి ఉన్నది. ముందటి ఓనరు ఏం జిగురు పెట్టిండో తెల్వది.

ఉదయసముద్రంల ఒడ్డు పొంటి లోతు మంచిగనే చూపిస్తది. 12 అడుగులు దాటినంక అంకె మిణుకుమిణుకుమంటది, ఒక్కోసారి 3.2 అడుగుల కాడ ఆగిపోతది. సెన్సిటివిటీ పెంచితే తెర మొత్తం చుక్కలే. హ్యాచ్‌లకెల్లి చెయ్యి పెట్టి చూస్తే ఒక అంచు లేసి గోరు దూరుతున్నది. ఆ సందుల మళ్ళ జిగురు పోస్తే అయితదా, మొత్తం తీయాల్నా?

ఏలేశ్వరం_గట్టు:
సందుల జిగురు పోయకు తమ్మీ. జిగురు అంచు దాకనే పోతది, నడిమిట్ల గాలి అట్లనే ఉంటది. పైనుంచి మూత పడితే ఆ గాలి ఇంక ఎటూ పోదు. మొత్తం తీయాల్సిందే.

కాని తీసే ముందు ఒక పరీక్ష చెయ్యి. పార్టే పాడైతే జిగురు పని అంత దండుగ. కనీసం 20 అడుగుల లోతున్న కాడ లంగరు వెయ్యి. ఇంకో ట్రాన్స్‌డ్యూసర్ దొరుకుతదా? అదే కనెక్టరు, అదే మోడలు ఉన్నోళ్ళ దగ్గర అడుగు. దాన్ని కర్రకు కట్టి పక్కకెల్లి నీళ్ళల్ల అర అడుగు ముంచి చూడు. చెరువు అడుగు గీత మందంగ, ఆగకుంట వస్తే తెర, బ్యాటరీ, వైరింగ్ మంచిగున్నయన్నట్టు. ఇంకోటి దొరక్కపోతే నీది తీసినంక అదే పరీక్ష చెయ్యి, అతికించే ముందు.

3.2 కాడ ఎందుకు ఆగుతదంటే, పంపిన శబ్దం గాలి పొరకు తగిలి ఆడ్నే గంట లెక్క మోగుతుంటది. అసలు అడుగు నుంచి వచ్చేది బలహీనం. మిషను ఆ మోతనే అడుగు అనుకుంటది.

రేడియో_పని:
పై మాటకు లెక్క చెప్తాను. నీటి నుంచి పాలిథిలీన్‌లోకి శబ్దం పోయేటప్పుడు వెనక్కి మళ్ళే శక్తి నూటికి ఐదు పాళ్ళ చుట్టుపక్కల. మధ్యలో గాలి పొర ఉంటే నూటికి 99.9 కంటే ఎక్కువ వెనక్కే మళ్ళుతుంది. అందుకే వెంట్రుక మందం గాలి చాలు, మొత్తం చెడడానికి. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ను దాటే శబ్దం సూది మొనంత బుడగల వరుసను దాటదు.

ఇంకో సంగతి. 200 కిలోహెర్ట్జ్ దగ్గర నీటిలో అల పొడవు 7.4 మిల్లీమీటర్లు, 455 దగ్గర 3.25, 800 దగ్గర 1.85. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ప్లాస్టిక్ శబ్దాన్ని ఎక్కువ తినేస్తుంది, పైగా వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కాబట్టి లోపల అతికించినంత కాలం 83/200 సోనార్ బాగానే ఉంటుంది గాని, 455/800 డౌన్ ఇమేజింగ్‌లో ఫొటోలా స్పష్టమైన బొమ్మ ఆశించవద్దు. నీటి ఉష్ణోగ్రత అంకె కూడా నమ్మవద్దు, అది పడవ అడుగు వేడి.

చుక్కల విషయంలో: తెర మీద నిలువు గీతలు, చుక్కలు ఒకే ఎడంతో వరుసగా పడుతుంటే అది కరెంటు గోల, గాలి సమస్య కాదు. మోటారు ఉంటే ఆపి చూడండి. మోటారుకు, ఫిష్ ఫైండర్‌కు ఒకే బ్యాటరీ వాడకూడదు.

పానగల్లు_గాలం:
మోటారు లేదన్నా, తెడ్డే. దోస్తు ట్రాన్స్‌డ్యూసర్ అదే మోడలు, పక్కకెల్లి ముంచితే 26 అడుగులు గట్టిగ చూపించింది. అయితే నాది గాలి బాపతే.

జిగురు తెల్లగ పారదర్శకంగ ఉన్నది, గోరుతో గుచ్చితే రబ్బరు లెక్క లోపలికి పోయి మళ్ళ పైకొస్తది.

ఏలేశ్వరం_గట్టు:
అయితే సిలికోనో, గూప్ రకం (రబ్బరు లెక్క సాగే) జిగురో. ఎపాక్సీ (అరాల్డైట్ లాంటి రెండు ట్యూబులు కలిపే జిగురు) అయితే గోరు దిగదు, తడితే టకటకమంటది. సిలికోన్ అయితే లేసిన అంచు పట్టి లాగితే పొరపొరగ ఊడొస్తది. గూప్ సాగుతది గాని తొందరగ తెగదు. రెంటికీ తీసే పద్ధతి ఒకటే.

మొదలు పవర్ తీసెయ్, తెర ఎనుక నుంచి ట్రాన్స్‌డ్యూసర్ కనెక్టరు ఊడదీసి, పిన్నులల్ల ఇసుక, జిగురు పోకుండ చిన్న ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండు వెయ్. కేబుల్ పొంటి ఉన్న జిప్ టైలు అన్నీ కత్తిరించు. కటింగ్ ప్లయర్ మొన కేబుల్ దిక్కు ఉండొద్దు. ఆ కేబుల్ మీద జాలీ కవచం ఉంటది, దానికి గాటు పడితే తర్వాత గోల పట్టుకుంటది, పొడుగు తక్కువైందని ఎవ్వరూ దాన్ని కోసి అతకొద్దు.

తర్వాత హెయిర్ డ్రయ్యరు. హీట్ గన్ వద్దు. పాలిథిలీన్ 120 డిగ్రీల మీద కరుగుతది గాని, 80 కాడనే మెత్తబడి వంకర పోతది, ట్రాన్స్‌డ్యూసర్ లోపలి రెసిన్‌కు కూడ అంత వేడి మంచిది కాదు. పడవ బయటి అడుగు మీద చెయ్యి పెట్టి చూడు, చెయ్యి ఓర్చుకునే వేడి చాలు. మూడు నాలుగు నిమిషాలు డ్రయ్యరు జరుపుకుంట పట్టు.

ఇప్పుడు 50 పౌండ్ల పైబడ్డ అల్లిక దారం, అదే బ్రెయిడ్, రెండడుగులు తీసుకో. రెండు కొసలకు చిన్న కట్టెలు కట్టు, లేకపోతే వేళ్ళు తెగుతయ్. లేసిన అంచు సందుల దారం దూర్చి, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు రెండు చుక్కలు వేసి, రంపం కోసినట్టు అటిటు లాగు. దారం పడవ అడుగును ఒరుసుకుంట పోవాలె, ట్రాన్స్‌డ్యూసర్ మొకాన్ని కాదు. మోనోఫిలమెంట్ (ఒంటి పోగు గాలం దారం) పనికిరాదు, వేడికి సాగి తెగుతది. సగం కోసినంక మళ్ళ వేడి చెయ్యి.

స్క్రూడ్రైవరు పెట్టి లేపొద్దు, సుత్తి తగిలించొద్దు, కేబుల్ పట్టి గుంజొద్దు. లోపల ఉన్నది పింగాణి లాంటి బిళ్ళ. పగిలితే బయటికి ఏం కనపడదు, కాని సగం లోతు కూడ చూపియ్యది.

జూరాల_ఒడ్డు:
మిగిలిన జిగురుకు నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొచ్చా? పెట్రోలు?

రేడియో_పని:
రెండూ వద్దు. పాలిథిలీన్‌ను అసిటోన్ ఏమీ చేయదు, నిజమే. కాని ట్రాన్స్‌డ్యూసర్ పైతొడుగు చాలా మోడళ్ళలో ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్, దాన్ని అసిటోన్ కరిగిస్తుంది. పెట్రోలు నూనె పొర వదులుతుంది, దాని మీద ఏ జిగురూ పట్టదు, పైగా మూసిన పడవ కడుపులో ఆవిరి నిలుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

జిగురు ముందు చేత్తోనే తీయాలి. బొటనవేలితో రుద్దితే ముద్దలై వస్తుంది. పడవ వైపు పాత ఏటీఎం కార్డు అంచు వాడండి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద మొండిగా మిగిలితే 320 నంబరు నీటి గరుకు కాగితాన్ని (వాటర్ పేపర్) గాజు పలక మీద పరిచి, తడిపి, ముఖం బోర్లించి నెమ్మదిగా నాలుగైదు సార్లు తిప్పండి. చేతిలో పట్టుకుని గీకితే గుంట పడుతుంది, రేపు ఆ గుంటలోనే గాలి నిలిచేది.

ఎపాక్సీ ఉన్నవాళ్ళకు వేడి కంటే చల్లదనం మేలు. మంచు సంచి పది నిమిషాలు పెట్టి, బయటి నుంచి అరచేత్తో పడవ అడుగును లోపలికి ఒత్తితే ప్లాస్టిక్ వంగుతుంది, ఎపాక్సీ వంగదు, టప్పున ఊడుతుంది. ఎపాక్సీ పాలిథిలీన్‌కు ఎప్పుడూ పైపైనే పట్టుకుని ఉంటుంది.

సోమశిల_తెడ్డు:
ఎట్లాగూ తీస్తున్నవు కదా, మళ్ళ లోపల ఎందుకు అతికిస్తవు? 455/800కు పైసలు పెట్టి దాన్ని ప్లాస్టిక్ కింద దాచుడు ఏందో. పక్కన గేర్ ట్రాక్‌కు (సామాను బిగించే పట్టీకి) చెయ్యి లాంటి గొట్టం బిగించి నీళ్ళల్లకు దించు. సోమశిల దిక్కు శ్రీశైలం ఎనుకనీళ్ళల్ల మునిగిన చెట్లు, రాతి గోడలు డౌన్ ఇమేజింగ్‌ల కొమ్మకొమ్మ కనపడుతయ్. లోపల పెడితే అదంత ఒక మబ్బు.

గొట్టం పని సులువు: 20 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం, కింద ఎల్ ఆకారం బిళ్ళ, ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్, పైన తిప్పి ఎత్తే మడత. మొకం పడవ అడుగు కంటె ఒక అంగుళం కింద ఉండాలె. పడవ పక్క నీడ కోన్‌ల (శబ్దం కిందికి పరుచుకునే గరాటుల) పడితే సగం తెర నల్లగ ఉంటది. గొట్టానికి సన్న తాడు కట్టి ముందటి దిక్కు ఒక కొక్కేనికి కట్టు, లేకపోతే తెడ్డు వేసినప్పుడల్ల ఎనుకకు ఒరుగుతది.

ఏలేశ్వరం_గట్టు:
సోమశిల అన్న చెప్పింది లోతు నీళ్ళకు కరెక్టు. ఉదయసముద్రం, డిండి, మూసీ ప్రాజెక్టు అంచులల్ల నాచు, గుర్రపుడెక్క, సొసైటీ వాళ్ళ వలలు ఉంటయ్. బయట వేలాడే గొట్టానికి వల చుట్టుకుంటే వాళ్ళ వల చినుగుతది, నీ కేబుల్ తెగుతది. అసలు చెరువుల సొసైటీ పర్మిషన్ లేకుండ గాలం వెయ్యనే వద్దు, అది వేరే ముచ్చట. కొర్రమీను కోసం నాలుగడుగుల నాచుల తిరిగేటోనికి డౌన్ ఇమేజింగ్‌తో పనేం లేదు, లోతు, అడుగు గట్టిదా మెత్తదా తెలిస్తే చాలు. బొచ్చె, వాలుగ కోసం నాగార్జునసాగర్ లోతుకు పోయేటోడు గొట్టం పెట్టుకోవాలె.

నా ఓటు లోపలికే, కాని జిగురుతో కాదు, తడి గూడుతో.

పానగల్లు_గాలం:
తడి గూడు అంటే?

ఏలేశ్వరం_గట్టు:
ట్రాన్స్‌డ్యూసర్‌ను అతికియ్యవు, దాని చుట్టు ఫోమ్ గూడు అతికిస్తవు. గూడుల రెండు చెంచాల నీళ్ళు పోసి ట్రాన్స్‌డ్యూసర్‌ను ఒత్తి కూసోబెడుతవు. కిందున్నది నీళ్ళే గనుక గాలి ఉండది, కావాలంటె నిమిషంల తీయొచ్చు.

ఫోమ్ నీళ్ళు పీల్చనిది కావాలె. పరుపుల స్పాంజి పనికిరాదు. 30 నుంచి 40 మిల్లీమీటర్ల మందం ఈవీఏ ఫోమ్ తీసుకో, దొరక్కపోతే యోగా మ్యాట్ ముక్కలు అంత మందం వచ్చేదాక పొరలు అతికించు. నడిమిట్ల ట్రాన్స్‌డ్యూసర్ గీత గీసి, గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి కొయ్యి. బిగువే దాన్ని పట్టుకునేది. కేబుల్ వచ్చే కాడ చీలిక పైభాగంల మాత్రమే పెట్టు, అడుగు దాక కోస్తే నీళ్ళు కారిపోతయ్. చుట్టు ఫోమ్ గోడ 25 మిల్లీమీటర్లకు తగ్గొద్దు.

చోటు ముఖ్యం. అంటించే ముందు జిప్ సంచిల నీళ్ళు పోసి దాని మీద ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి, పడవ లోపల నాలుగు చోట్ల జరిపి చూడు, నువ్వు సీటుల కూసొని ఉండంగ. అచ్చుల పోత పోసినప్పుడు అడుగు అంతట ఒకే మందం రాదు. గీతలు, కీల్ మిట్ట (పడవ అడుగు నడిమి వెన్ను), నీళ్ళు పోయే స్కప్పర్ రంధ్రాల పక్కన వద్దు. సీటు కింద గాని సీటుకు కాస్త ఎనుక గాని చదునుగ ఉన్న చోటు, ఎప్పుడూ నీళ్ళ కింద ఉండేది చూసుకో. బాణం గుర్తు ముక్కు దిక్కు. ఒక పక్కకు ఒరిగితే చేప విల్లు లెక్క కాకుండ సగం గీత లెక్క పడతది.

ఫోమ్ అంటించేటందుకు పడవ అడుగును 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, గూప్ రకం జిగురు, ఈ6000 లాంటిది, గోడ కింద మొత్తం పరుచు. మధ్యల గుంట లోపలికి రావొద్దు. మీద కిలో నీళ్ళ సీసా పెట్టి మూడు రోజులు కదిలియ్యకు.

రేడియో_పని:
పాలిథిలీన్‌కు ఏ జిగురైనా బాగా పట్టాలంటే ఒక పని ఉంది: చిన్న గ్యాస్ టార్చి నీలి మంట కొసను ఆ చోటు మీదుగా ఒక్కసారి చకచకా జరపడం. పైపొర ఆక్సిజన్ పట్టుకుంటుంది. పని అయిందో లేదో నీటి చుక్క చెబుతుంది: ముందు ముత్యంలా నిలిచేది, తర్వాత పలచగా పరచుకోవాలి. మంట ఒక చోట ఆగితే మెరుపు వచ్చి ప్లాస్టిక్ కారిపోతుంది. ఆల్కహాల్ పూర్తిగా ఆరి, హ్యాచ్‌లన్నీ తెరిచి, ఫ్యాన్‌తో గాలి ఆడించాకే. చెయ్యి మాత్రమే పట్టే చోట ఈ పని వద్దే వద్దు.

జూరాల_ఒడ్డు:
సిలికోన్‌తోనే మళ్ళీ అతికిస్తే తప్పేంటి? అందరి దగ్గరా ఉండేది అదే కదా సార్.

రేడియో_పని:
సిలికోన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, అంచు నుంచి లోపలికి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు. అరవై మిల్లీమీటర్ల బిళ్ళ కింద నడుమ భాగం గట్టిపడడానికి వారాలు పడుతుంది. రెండో రోజే నీటిలో దించితే మధ్యలో పేస్టు కదులుతుంది, గాలి పీల్చుకుంటుంది. పైగా పాలిథిలీన్ మీద దాని పట్టు తక్కువ. పానగల్లు వారి పడవలో జరిగింది ఇదే అయి ఉండవచ్చు.

జిగురే కావాలనుకుంటే నెమ్మదిగా గట్టిపడే మామూలు అరాల్డైట్ మేలు. ఐదు నిమిషాలది వద్దు, బుడగలు పైకి వచ్చేలోపే గట్టిపడుతుంది. ట్యూబులను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, అట్టముక్క మీద మెల్లగా కలపండి, గిలక్కొట్టవద్దు. ముద్దను నడుమ గుట్టగా పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను మెల్లగా తిప్పుతూ దించితే గాలి పక్కలకు పోతుంది. అంచు చుట్టూ జిగురు సమానంగా బయటికి రావాలి. మొత్తం పిండేయకూడదు, రెండు మిల్లీమీటర్లు మిగలాలి.

పుట్టి_సవారి:
మాది బీచుపల్లి దిక్కు. కృష్ణల పుట్టి మీద తిరుగుతం, కయాక్ లేదు. పుట్టిల లోపల పెట్టొచ్చునా?

ఏలేశ్వరం_గట్టు:
ఫైబర్ పుట్టి అయితే పెట్టొచ్చు, గట్టి ఫైబర్ శబ్దాన్ని ప్లాస్టిక్ కంటె మంచిగ పంపిస్తది, దానికి అరాల్డైట్ కూడ గట్టిగ పడతది. ఫైబర్ రెండు పొరల నడుమ ఫోమ్ ఉంటే వద్దు. వెదురు పుట్టి, థర్మకోల్ తెప్ప, గాలి కొట్టే కయాక్, ఈ మూడింటిల శబ్దం దాటది, అన్నిట్ల గాలే ఉన్నది. వాటికి పక్క కర్రనే. పుట్టి గుండ్రంగ తిరుగుతుంటది గనుక కర్రను గట్టిగ రెండు చోట్ల కట్టు. ఒక్క చోట కడితే మొకం పక్కకు తిరిగి లోతు ఎక్కువ చూపిస్తది.

సోమశిల_తెడ్డు:
తడి గూడు మంచిదేగాని మన ఎండల సంగతి చెప్పలే. మే నెలల కయాక్‌ను రేకుల కింద పెడితే గూడుల నీళ్ళు ఒక్క పూటకే ఆరిపోతయ్. ఆరింది చూడకుండ దిగితే మళ్ళ మొదటి కత. నీళ్ళకు బదులు గ్లిజరిన్ పోస్తే అంత తొందరగ ఆరదు, మెడికల్ షాపుల దొరుకుతది. స్కానింగ్ జెల్ వద్దు, పొరకట్టి ఎండిపోతది. పడవను బోర్లించి, నీడకు, కింద రెండు మెత్తటి ఆధారాలు పెట్టి దాయాలె. ఎండకు అడుగు సొట్టపోతే గూడు అంటింది కూడ లేస్తది.

ఏలేశ్వరం_గట్టు:
> నీళ్ళు ఒక్క పూటకే ఆరిపోతయ్

అవును, అందుకే దిగే ముందు ప్రతిసారి తీసి, నీళ్ళు పోసి, ఒక పక్క వంచి దించి, మెల్లగ ఒత్తాలె. నిలువుగ దించితే కింద బుడగ పడతది.

ఇంక పని అయినంక పరీక్ష. గట్టి అడుగున్న కాడ, గుండ్లు, బండలు ఉన్న చోటైతే మంచిది, 20 నుంచి 30 అడుగుల లోతుల ఆగు. సెన్సిటివిటీ ఆటోల పెట్టి, తర్వాత కొంచెం పెంచు. అడుగు గీతకు సరిగ్గ రెండింతల లోతు కాడ ఇంకో పలచని గీత రావాలె. శబ్దం అడుగుకు పోయి, పైకొచ్చి, మళ్ళ పోయి వచ్చిందన్నట్టు. లోతు స్కేలు ఆటోల ఉంటే అది తెర కిందకు పోయి కనపడది, చేత్తో 60 అడుగులకు మార్చు. పక్కకెల్లి ముంచినప్పుడు రెండో గీత వచ్చి, గూడుల పెట్టినప్పుడు రాకపోతే ఇంక ఎక్కడో బుడగ ఉన్నది. బురద అడుగు మీద ఈ పరీక్ష చెయ్యకు, బురద శబ్దాన్ని మింగుతది, రెండో గీత ఎట్లాగూ రాదు.

కోన్ లెక్క కూడ యాదికుంచుకో. 200 కాడ సుమారు 20 డిగ్రీలు, 30 అడుగుల లోతుల కింద పదిన్నర అడుగుల వెడల్పు చూస్తది. 83 కాడ సుమారు 60 డిగ్రీలు, అదే లోతుల 34 అడుగుల పైన. 83ల కనపడ్డ చేప నీ పడవ కిందనే ఉండాలని లేదు.

సాగర్‌ల గుర్తులు పెట్టుకునేటోళ్ళు ఆ రోజు నీటిమట్టం రాసుకోవాలె. నిండితే 590 అడుగులు, కనిష్ఠ మట్టం 510. అక్టోబర్‌ల 70 అడుగుల కింద చూసిన బండ నీళ్ళు దిగినంక ఎండకాలం పడవ అడుగుకే తగలొచ్చు.

పానగల్లు_గాలం:
తీసిన. సబ్బు నీళ్ళు, బ్రెయిడ్ దారం, అన్న చెప్పినట్టే వచ్చింది. నడిమిట్ల సిలికోన్ ఇంక జిగటగనే ఉన్నది. తడి గూడుకే పోతున్న.

రెండు అడగాలె. కేబుల్ బయటికొచ్చే కాడ పాత రంధ్రం పెద్దగున్నది, వాన నీళ్ళు దిగుతయ్. ఇంక సైడుకు నాలుగు పాత స్క్రూ రంధ్రాలున్నయ్, ఎం-సీల్ పెట్టొచ్చునా?

రేడియో_పని:
ఎం-సీల్ పాలిథిలీన్ మీద బిళ్ళలా ఊడిపోతుంది. స్క్రూ రంధ్రాలు నీటిగీతకు పైన ఉంటే స్టెయిన్‌లెస్ మర, రబ్బరు వాషర్, లోపల నట్టు. నీటిగీతకు కింద ఉంటే అదే రకం పాలిథిలీన్ కడ్డీతో వెల్డింగ్. మామూలు నీళ్ళ పైపుల అతుకు పనికిరాదు, అది పీవీసీ.

కేబుల్ రంధ్రం పెద్దగా ఉండడానికి కారణం కనెక్టరు. కేబుల్ సన్నది, కనెక్టరు లావు, కోయకూడదు కాబట్టి రంధ్రం కనెక్టరుకు సరిపడా కొట్టారు. రంధ్రం వ్యాసానికి తగిన రబ్బరు గ్రామెట్ కొని, ఒక పక్క బ్లేడుతో చీల్చి, కేబుల్ మీద తొడిగి రంధ్రంలో నొక్కండి. చీలిక సీటు వైపు, కిందికి ఉండాలి. చుట్టూ గూప్ జిగురు సన్న గీత. కేబుల్ రంధ్రంలోకి దిగే ముందు బయట ఒక వంపు కిందికి వదిలితే చుక్క అక్కడే రాలుతుంది, లోపలికి పాకదు.

మిగిలిన కేబుల్‌ను గట్టిగా చుట్ట చుట్టవద్దు, ఎనిమిది అంకెలా వదులుగా మడిచి పవర్ వైరుకు దూరంగా కట్టండి. పవర్ వైరులో బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు ఉందో లేదో కూడా చూడండి. సెకండ్ హ్యాండ్ పడవల్లో తరచూ తీసేసి ఉంటుంది. ఎన్ని యాంపులో మీ తెర మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న తెరలకు ఎక్కువగా 3 యాంపులు.

పానగల్లు_గాలం:
ఫ్యూజు లేదు సార్, నేరుగ కలిపి ఉన్నది. గ్రామెట్‌తోపాటు అది కూడ తెస్త.